చప్పుడు ముందా, గుండు ముందా?



నేడు నేను తుపాకిని గుఱించి ప్రసంగింప బూనుకొనుట కొందఱికి వింతగా తోచవచ్చును. జీవితమంతయు అమరమును, ఆంధ్రవ్యాకరణమును చెప్పుకొని బ్రతికిన పండితునకు గుండ్లతోడను మందుతోడను పని యేమి యని మీరడుగవచ్చును. పని కలదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేనొక బాలునకు తప్పుడు సమాధానము చెప్పితిని. ఆ తప్పును నలుగురి యెదుట దిద్దుకొనవలెనను కోరికయే నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

మాది చీడికాడ. పడమటి దిక్కున కనుచూపుమేర కొండలే. ఆ కొండల మొదట పుట్టిన బొడ్డేరు కోనాము మీదుగా పల్లమునకు దిగి మా చేలను తడుపును. ఆ కొండల వెనుకనే మన్యము. అల్లూరి సీతారామరాజు సంచరించిన చింతపల్లి, కృష్ణదేవిపేట సీమలు మాకు పరదేశములు కావు. మా బడికి కొండపల్లెల పిల్లలును వచ్చెడివారు.

ఒకనాడు తరగతిలో దశరథుని శబ్దవేధి కథ చెప్పుచుంటిని. చీకటిలో సరయూతీరమున కుండ నీట మునుగు చప్పుడును విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి, ఆ చప్పుడును గుఱిగా చేసికొని రాజు బాణము విడిచెను. మునికుమారుడు కూలెను. బాణము చప్పుడు లేకుండ వచ్చుటచేత ఆ బాలునకు తప్పుకొను తెఱవు లేకపోయినదని నేను వ్యాఖ్యానించితిని. అప్పుడు వెనుక వరుసలోని కొండపల్లె కుఱ్ఱవాడొకడు లేచి, “పంతులుగారండీ, తుపాకి సప్పుడు ఇన్నోడు సావడని మా తాత సెప్తాడండీ. నిజమేనాండీ?” అని యడిగెను. మన్యములో పితూరి జరిగిన దినములలో ఆ తాత పదియేండ్ల పిల్లవాడట. పెద్దల నోట విన్న మాట యది.

నేను నవ్వితిని. “అది వట్టి మూఢవిశ్వాసము. చప్పుడు విన్నంత మాత్రమున చావు తప్పునా? ముందు చప్పుడు వినబడును, ఆ వెనుక గుండు తగులును” అంటిని. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు తల వంచుకొని కూర్చుండెను. ఆ యేడాది మరల నన్నతడు ఒక్క ప్రశ్నయు అడుగలేదు.

కొన్నియేండ్లకు సైన్యమునుండి విశ్రాంతి పొంది వచ్చిన సుబేదారొకడు మా అరుగుమీద కూర్చుండి మాటలాడుచుండగా నేనీ ముచ్చట వినోదముగా చెప్పితిని. అతడు నవ్వలేదు. “ఆ తాత చెప్పినదే నిజమండీ. రైఫిలు గుండు చప్పుడుకంటె ముందు వచ్చును. చప్పుడు వినబడినదంటే ఆ గుండు మనలను దాటిపోయినట్లే” అనెను. నాకు ముఖమున నెత్తురు చుక్క లేకపోయినది. అప్పటినుండి ఈ విషయమును గుఱించి చదువుచు, తెలిసినవారిని అడుగుచు వచ్చితిని. తాతమాట యెంతవరకు నిజము, ఎచ్చట నిజము కాదు అనుదానిని నేడు మీకు విన్నవించెదను.

మొదట శబ్దము సంగతి. మన తార్కికులు శబ్దమును ఆకాశగుణమనిరి. అది పుట్టినచోటినుండి మన చెవివఱకు ఎట్లు వచ్చునను ప్రశ్నకు వారు రెండు దృష్టాంతములు చూపిరి. నీటిలో అల వెనుక అల పుట్టినట్లు సాగుననుట వీచీతరంగన్యాయము. కడిమిపూవు కేసరములు ఒక్కమాఱుగా నన్ని దిక్కులకు విచ్చుకొనునట్లు వ్యాపించుననుట కదంబగోళకన్యాయము. వచ్చుటకు కొంతకాలము పట్టునని దీనివలననే తెలియుచున్నది. ఎంతకాలమను లెక్క మాత్రము వారు వేయలేదు.

ఆ లెక్క మన దక్షిణదేశముననే శ్రద్ధగా జరిగినది. చెన్నపురి నక్షత్రశాలలో జ్యోతిశ్శాస్త్రాధికారిగా నుండిన జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 ప్రాంతములందు సెయింట్ జార్జి కోటనుండియు, పరంగికొండనుండియు పేల్చెడి ఫిరంగుల వెలుగును చూచి, చప్పుడు వినబడువఱకు పట్టిన కాలమును కొలిచెను. ఆ ఫలితములు 1823లో లండనునందు అచ్చయినవి. చలిమాసములందు శబ్దము సెకనుకు 1100 అడుగుల దాపునను, వేసవియందు 1150 అడుగులకు మించియు పోవుచున్నదని ఆయన పట్టిక చెప్పుచున్నది. గాలి వేడెక్కినకొలది శబ్దవేగము హెచ్చును. మన లెక్కకు సెకనుకు 1130 అడుగులని యుంచుకొందము. మీటర్లలో నిది సుమారు 344.

ఇక గుండు వేగము. కంటికి కనబడని దానిని కొలుచుటెట్లు? ఈ చిక్కును విడదీసినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఇంగ్లీషు గణితవేత్త. బరువైన కొయ్యదిమ్మను ఊయలవలె వ్రేలాడగట్టి, దానిలోనికి గుండు పేల్చి, దిమ్మ ఎంత యూగినదో చూచి గుండు వేగమును గణించెను. 1742లో ఆయన ప్రకటించిన గ్రంథమును మహాగణితజ్ఞుడైన ఆయిలరు 1745లో జర్మనుభాషలోనికి మార్చి వ్యాఖ్య వ్రాసెను. గుండు శబ్దవేగమును సమీపించి దాటునప్పుడు గాలి యొక్క అడ్డు ఒక్కసారిగా హెచ్చునని మొదట గ్రహించినవాడును రాబిన్సే. ఈ మహానుభావుడు ఈస్టిండియా కంపెనీవారి కొలువున కోటల పనికై మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. గుండు నడకను ప్రపంచమునకు తెలిపినవాని యెముకలు మన తీరముననే కలిసినవి.

ఈ రెండు వేగములు చేతికి వచ్చిన తరువాత తాతమాటను పరీక్షింపవచ్చును. తుపాకులన్నియు ఒకజాతివి కావు. మూడు తరగతులుగా విభజింతము.

మొదటిది నునుపుగొట్టపు తుపాకి. దీని గుండు గోళీవలె గుండ్రనిది, బరువు 30 గ్రాముల దాపు. నల్లమందుతో పేల్చినపుడు గొట్టపు నోటివద్ద వేగము సెకనుకు 1400, 1500 అడుగులు. అనగా మొదట శబ్దమును మించును. కాని గుండ్రని వస్తువు గాలిని చీల్చలేదు, త్రోసికొనిపోవును. నూఱు గజములు పోవునప్పటికే వేగము శబ్దమునకు లోబడును. ఇన్నూఱు గజములు దాటినచో చప్పుడే ముందుగా చేరును.

రెండవది రైఫిలు. గొట్టము లోపల మెలికలుగా గాడులు చెక్కబడి యుండును. ఆ గాడులవెంట గుండు బొంగరమువలె తిరుగుచు బయల్వెడలును. తిరుగు వస్తువు తన దిశను విడువదు. కనుక గుండును పొడవుగా, మొన వాడిగా చేయుటకు వీలు కలిగినది. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియెయ్ పొగలేని మందును కనిపెట్టిన పిమ్మట వేగము ఒక్క గంతు వేసినది. ఇంగ్లీషు సైన్యము 1888లో స్వీకరించిన త్రీ-నాట్-త్రీ రైఫిలునకు 1910లో వచ్చిన తూటాయందు గుండు బరువు 11 గ్రాముల పైచిలుకు మాత్రమే. వేగమో, సెకనుకు 2440 అడుగులు. శబ్దమునకు రెండింతలకు పైమాట. మున్నూఱు గజముల దూరమున నిలిచినవానిని ఈ గుండు అరసెకను కాకమునుపే చేరును. చప్పుడు వచ్చుటకు సెకనులో ఎనిమిది పదవ పాళ్లు పట్టును. తగిలినవాడు ఆ చప్పుడును వినడు. విన్నవాడు తగులనివాడు. తాతమాట యిచ్చట అక్షరాల సత్యము.

ఇందులో నింకొక విశేషము కలదు. శబ్దమును మించిన వేగముతో పోవు వస్తువు పడవ ముందు నీరు చీలినట్లు గాలిని చీల్చి, తన వెంట నొక శబ్దపు మడతను లాగికొనిపోవును. 1887లో ఏర్నెస్ట్ మాఖ్ అను శాస్త్రజ్ఞుడు దీని ఛాయాచిత్రమును ప్రకటించెను. అందుచేత రైఫిలు పేలినపుడు చప్పుళ్లు రెండు. గుండు మన ప్రక్కగా పోవునపుడు కొరడా విసరినట్లు చెళ్లుమనునది మొదటిది. గొట్టమునుండి వచ్చు దభేలుమను మ్రోత రెండవది. మొదటిదానిని బట్టి తుపాకి యెచ్చట నున్నదో చెప్పజాలము, ఏలనన అది గుండు పోయిన దారినుండి పుట్టును. రెండవదే అసలు జాడ చెప్పును. రెంటికిని నడుమ గడచిన కాలమును బట్టి శత్రువు ఎంత దూరమున నున్నాడో అంచనా వేయుట సైనికులు నేర్చుకొను విద్య. లోయలలో ప్రతిధ్వనులు కలిసినచో ఆ అంచనాయు దుర్లభమే.

మూడవది చేతితుపాకి. ఇంగ్లీషు అధికారులు నడుమున తగిలించుకొన్న వెబ్లీ రివాల్వరు గుండు 17 గ్రాముల బరువు. రైఫిలు గుండుకంటె బరువే. కాని వేగము సెకనుకు 600 అడుగులకు కొంచెము పైన. శబ్దములో సుమారు సగము. ఏబది గజముల దూరమున చప్పుడు ముందు వచ్చును, గుండు తరువాత వచ్చును. నేను ఆ బాలునకు చెప్పిన సమాధానము దీనికి మాత్రమే సరిపోవును. అయినను రెంటి నడుమ నుండు వ్యవధి సెకనులో ఎనిమిదవ పాలు. మనుష్యుడు విని తప్పుకొనుటకు అంతకంటె హెచ్చుకాలము కావలెను. విన్నవాడు చావవచ్చును, విని ప్రయోజనము లేదు.

బరువైన గుండు బలమైనదా, వేగమైన గుండు బలమైనదా? దీనికి గణితము చెప్పు సమాధానము స్పష్టము. బరువు రెండింతలైనచో గతిశక్తి రెండింతలగును. వేగము రెండింతలైనచో నాలుగింతలగును. ఈ లెక్కచొప్పున త్రీ-నాట్-త్రీ గుండు గతిశక్తి 3100 జౌళ్ల దాపు, వెబ్లీ గుండుది 300 జౌళ్ల దాపు. బరువు తక్కువైన గుండే పదిరెట్లు శక్తి కలది. అయితే అధికారులు చాలకాలము దీనిని నమ్మలేదు. సన్ననిగుండు మనుష్యుని తూట్లుపొడిచి పోవునేకాని నిలువరింపదని సరిహద్దు యుద్ధములందు వారు మొఱపెట్టిరి. దానిపై కలకత్తా దగ్గఱి డండం ఆయుధశాలలో మొనవద్ద సీసము బయలుపడి తగిలినంతనే విచ్చుకొను గుండును 1890ల దశాబ్దిలో తయారు చేసిరి. ఆ క్రౌర్యము లోకమునకు రోత పుట్టింపగా 1899లో హేగు సభ అట్టి గుండ్లను యుద్ధములందు నిషేధించెను. మన దేశపు ఊరిపేరొకటి ఆ అపకీర్తితో ప్రపంచభాషలలో నిలిచిపోయినది.

ఇక మన్యమునకు వత్తము. 1857 తరువాత తెల్లసైన్యమునకు క్రొత్త ఆయుధమును, భారతీయ సైన్యమునకు ఒక తరము వెనుకటి ఆయుధమును ఇచ్చుట ప్రభుత్వపు రివాజు. పోలీసులది అంతకన్న తక్కువ తరగతి. వారి తుపాకులలో నునుపుగొట్టపువి తఱుచు. 1922 ఆగస్టు 22న సీతారామరాజు చింతపల్లి ఠాణాపై బడి 11 తుపాకులను, 1390 తూటాలను, 5 కత్తులను, 14 బాయొనెట్లను తీసికొని, తీసికొన్నవాని జాబితాను ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసెను. మఱునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24వ తేదీన రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. మూడు దినములలో మొత్తము 26 తుపాకులు. కృష్ణదేవిపేటలో దొరికిన మందుసామగ్రిని విడిచి, అంకెలు తెలిసిన తూటాలను కూడినచో 2215. తుపాకికి 85 చొప్పున వచ్చును. ఇదియే ఆ మహాసామ్రాజ్యముపై లేచిన వీరుల ధనాగారము. తక్కినవి నాటుతుపాకులు, విల్లమ్ములు.

ఈ స్వల్పసామగ్రితో వారు రెండేండ్లు ఎట్లు నిలిచిరి? ధైర్యముచేత, నాయకునిపై భక్తిచేత అందురు. అది సత్యమే. కాని తుపాకి లక్షణమును ఎఱిగినవారు ఇంకొక మాటయు చేర్పవలెను. అడవి దూరమును మ్రింగివేయును. వెదురుడొంకల నడుమ, మలుపుమలుపునకు కనుమఱుగగు ఘాటీదారిలో ముప్పది నలువది గజములకు మించి చూపు పాఱదు. ఆ దూరమున పాతతుపాకియు క్రొత్తరైఫిలును సమానములే. వేయి గజములు పోగల గుండునకు వేయి గజముల చూపు కావలెను గదా. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగినది ఇదే. దండుతో వచ్చుచున్న భారతీయ పోలీసులను ముందుకు పోనిచ్చి, స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దఱు తెల్ల అధికారులను పొంచియుండి కూల్చిరి. వారి సమాధులు నర్సీపట్నములో నున్నవి.

అదే దళము పల్లమునకు దిగినపుడు ఫలితము తలక్రిందులైనది. అదే యేడు డిసెంబరు 6న పెదగడ్డపాలెము వరిచేలలో పోరు జరిగినది. వరిచేనిలో చాటేది? ప్రభుత్వసైన్యము లూయీ యంత్రపు తుపాకులను ప్రయోగించినది. నలుగురు వీరులు అచ్చటనే కూలిరి. ఆ రాత్రి మరల జరిగిన దాడిలో ఎనిమిదిమంది మరణించిరి. లూయీ తుపాకి నిమిషమునకు 500 మొదలు 600 వఱకు గుండ్లు క్రక్కును. మూడుదినములు ఠాణాలమీద బడి సంపాదించిన 2215 తూటాలు అట్టి తుపాకి యొక్కదానికి నాలుగు నిమిషముల మేత. నేనీ లెక్కను పలకమీద వేసి చూచినపుడు చాలసేపు పలకను తుడువలేకపోయితిని.

శ్రోతలలో నేటి యువకులు ఇంకొక ప్రశ్న వేయవచ్చును. రైఫిలు గుండునే శబ్దవేగమునకు లోబడునట్లు పేల్చినచో ఏమగును? చేతితుపాకి గుండునకు అది సాటి వచ్చునా? ఇది వట్టి తర్కము కాదు, ఇరువదవ శతాబ్దిలో ఆయుధశిల్పులు నిజముగా పట్టుకొన్న సమస్య. 1909 ప్రాంతమున హైరం పెర్సీ మాగ్జిం అను అమెరికావాసి తుపాకి మ్రోతను అణచు సైలెన్సరును ప్రచారమునకు తెచ్చెను. యంత్రపు తుపాకిని కనిపెట్టిన మాగ్జిం యొక్క కుమారుడే ఇతడు. తండ్రి మ్రోతను పెంచగా కుమారుడు తగ్గింపబూనెను. కాని సైలెన్సరు గొట్టపు మ్రోతను మాత్రమే అణచగలదు. గుండు దారిపొడుగున చేయు చెళ్లుమను చప్పుడు దాని వశము కాదు. ఆ చప్పుడు పోవలెనన్నచో గుండే నెమ్మదింపవలెను.

నెమ్మదించిన గుండు ఏమి కోలుపోవును? త్రీ-నాట్-త్రీ గుండును 2440 అడుగులకు మాఱుగా 1050 అడుగుల వేగముతో పంపితిమనుకొందము. వేగము సగముకంటె తగ్గినది. శక్తి వేగవర్గమును బట్టి పోవునుగాన 3100 జౌళ్లనుండి 580 జౌళ్లకు పడిపోవును, అనగా అయిదింట నొకపాలుకంటె తక్కువ. అమెరికా సైన్యము చిరకాలము వాడిన నలువదియైదు అంగుష్ఠభాగముల పిస్తోలు గుండు శక్తి 480 జౌళ్లు. కనుక పులిని బోనులో పెట్టి పిల్లిని చేసినట్లు, రైఫిలు గుండు చేతితుపాకి గుండ్ల వరుసలోనికే దిగివచ్చినది.

ఇది తెలిసియే రెండవ ప్రపంచయుద్ధకాలమున డి లైల్ అను ఇంగ్లీషువాడు ఒక చమత్కారము చేసెను. లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు యంత్రమునకు, శబ్దమునకు లోబడిన ఆ పిస్తోలు తూటానే అమర్చి, గొట్టముచుట్టు పెద్ద సైలెన్సరు తొడిగెను. గుండు స్వభావముచేతనే మెల్లనిది. మఱి చెళ్లుమను చప్పుడే లేదు. కొలది సంఖ్యలో మాత్రమే తయారైన ఆ తుపాకి మిక్కిలి నిశ్శబ్దమైనవానిలో నొకటిగా పేరుపొందినది. పిస్తోలు గుండ్లన్నియు మందగాములని మాత్రము అనుకొనరాదు. నేడు లోకమంతట వాడుకలోనున్న తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు గుండు 8 గ్రాముల బరువుతో శబ్దమును కొంచెము మించియే పోవును. దానిని నిశ్శబ్దముగా వాడువారు తొమ్మిదిన్నర గ్రాముల గుండును మెల్లగా పంపుదురు.

రైఫిలు విషయములోను ఉపాయము అదే. వేగము హెచ్చింపరాదు కనుక బరువు హెచ్చింపవలెను. రష్యావారు 1980ల దశాబ్దిలో 16 గ్రాముల గుండును సెకనుకు 950 అడుగుల దాపు వేగముతో పంపు నిశ్శబ్దపు రైఫిలును చేసిరి. అమెరికాలో 2011లో ప్రమాణీకరించిన త్రీ-హండ్రెడ్ బ్లాకౌట్ తూటాలో మెల్లని రకము గుండు 14 గ్రాములు, వేగము వేయి అడుగులకు కొంచెము పైన. ఈ రెండింటి శక్తి 680 జౌళ్ల ప్రాంతము. పిస్తోలు గుండ్లకంటె నూటికి ముప్పది నలువది పాళ్లు అధికమేకాని, పూర్తివేగపు రైఫిలుతో పోల్చుటకు వలను పడదు.

అయితే వీనియందు అసలు మేలు వేఱొకటి. పిస్తోలు గుండు పొట్టిది, మొద్దుది. రైఫిలు గుండు పొడవైనది, సన్ననిది. కావున గాలిలో వేగమును తక్కువగా పోగొట్టుకొనును. పొడవైన గొట్టమును, భుజమున కానించుకొను కఱ్ఱయు ఉండుటచేత గుఱియు నిలుచును. ఏబది గజములలోపల రెంటికిని భేదము స్వల్పము. నూఱు గజములు దాటినపుడు మెల్లని రైఫిలు గుండే నమ్మదగినది. దానికిని ఒక హద్దు కలదు. భూమి అన్నింటిని ఒకేతీరున లాగుకొనును. ఇన్నూఱు గజములు పోవునప్పటికి త్రీ-నాట్-త్రీ గుండు గొట్టపు సూటిగీతనుండి అడుగుపైచిలుకు మాత్రమే దిగును. మెల్లని రైఫిలు గుండు నిలువెత్తు మనుష్యుని యెత్తున, ఆఱడుగుల దాపున దిగిపోవును. వెబ్లీ గుండు పదునాఱడుగులకు మించి దిగును. దూరమును చాలవఱకు తప్పుగా నంచనా వేసినచో మెల్లని గుండు తప్పిపోవుటకు అది చాలును. వేగమునకై చేసిన గుండు మెల్లగా తగిలినచో విచ్చుకొనక, సన్నని బెజ్జము చేసి పోవుటయు కలదు.

కాబట్టి తీర్పు ఇది. నిశ్శబ్దమునకు వెల కలదు, ఆ వెల బలము. శబ్దమునకు లోబడిన రైఫిలు, గుఱి కుదిరిన చేతితుపాకి వంటిది. చేతితుపాకికి మేలు, రైఫిలునకు కీడు. రెంటి గుణములను ఒక్కచోట కోరుట, ఏటికి ఇరువైపుల నొక్కమాఱే నిలువగోరుట వంటిది.

నిశ్శబ్దమునకై ఇంత శ్రమపడిన శాస్త్రజ్ఞులను తలచునపుడు మన్యపు విల్లమ్ము నాకు జ్ఞప్తికి వచ్చును. సెకనుకు నూటఏబది, ఇన్నూఱు అడుగులు పోవు అమ్ము అన్ని గుండ్లకంటెను మెల్లనిది. దాని శక్తి రివాల్వరు గుండులో ఆఱవ పాలైనను ఉండదు. కాని అది మ్రోగదు, పొగ విడువదు, తాను వచ్చిన దిక్కును చెప్పదు, తూటాలకై ఏ ఠాణా తలుపును తట్టనక్కఱలేదు. దశరథుని నాటినుండి దానికి సైలెన్సరు కావలసిరాలేదు.

1924 మే 7న సీతారామరాజు మంప దగ్గఱ పట్టుబడెను. విచారణ లేకుండ కొయ్యూరులో చెట్టునకు కట్టి మేజరు గుడాల్ ఆయనను కాల్పించెను. నేనింతసేపు చెప్పిన వేగములు, దూరములు, గుండు దిగిపోవు అడుగులు ఆ చెట్టుముందు ఎందుకును కొఱగావు. కట్టివేయబడినవానికి తుపాకినడుమ గజములు లేవు. చప్పుడు ముందా, గుండు ముందా యను ప్రశ్నయే అచ్చట లేదు. అచ్చట మిగిలినది ధర్మాధర్మముల ప్రశ్న యొక్కటే. దానికి లోకము ఎప్పుడో సమాధానము చెప్పినది.

నా ప్రశ్న మాత్రము ఇంకను మిగిలియున్నది. చదువురాని ఆ ముసలివాడు ఏ గ్రంథమునందును చూడక, లోయలలో పరుగిడిన పెద్దల యనుభవమును ఒక్క వాక్యములో మూటగట్టి మనుమనికి ఇచ్చినాడు. ఆ మనుమడు దానిని భద్రముగా తెచ్చి నా ముందుంచినాడు. నేను దానిని విప్పిచూడకయే మూఢవిశ్వాసమని విసరివేసితిని. విల్లమ్ము నిశ్శబ్దమని తరగతిలో వ్యాఖ్యానించినవాడనే, తుపాకి శబ్దమును గుఱించి ఆలోచింపనైతిని. దశరథుడు చప్పుడు విని తొందరపడెను. నేను మాట విని తొందరపడితిని. ఇద్దఱి బాణములును బాలురకే తగిలినవి.

ఆ కుఱ్ఱవాడు ఇప్పుడు నడివయస్సువాడై యుండును. ఎచ్చటనున్నాడో తెలియదు. ఈ ప్రసంగము అతని చెవిని బడినచో, పంతులు తన తప్పు నొప్పుకొన్నాడని గ్రహించుగాక. నాయనా, మీ తాత చెప్పినది రైఫిలు పట్ల నిజము. రివాల్వరు పట్ల నిజము కాదు. నీవడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి సమాధానము చెప్పుటకు నాకు ముప్పది యేండ్లు పట్టినది.

ఉపాధ్యాయులైన శ్రోతలకు నొక్కమాట విన్నవించి ముగించెదను. వెనుక వరుసలోని పిల్లవాడు తన తాతమాటను తెచ్చినపుడు నవ్వకుడు. ముందు లెక్క వేసి చూడుడు.

సెలవు.